కదలని బస్తా, కదిలిన బస్తా
రాపిడిని ఇంటి వద్దనే కొలిచి చూచుకొనుట ఎట్లు?

వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)



నిండుగ బస్తాలు వేసిన బండిని కళ్ళము నుండి కదల్చుట మీరందరును చూచినదే. ఎడ్లు మెడలు వంచి, గిట్టలు నేలకు తన్ని, కాడి కిర్రుమనునట్లు లాగును. బండి కదలదు. ఇద్దరు మనుష్యులు చక్రములు పట్టి తోయుదురు. అప్పుడు బండి ఒక్కసారిగా ముందుకు పోవును. కదిలిన తరువాత అవే ఎడ్లు, అదే బరువును, తోయువారు లేకయే లాగికొని పోవును. బరువు తగ్గలేదు. ఎడ్లకు క్రొత్త బలము రాలేదు. మరి మారినదేమి?

ఇంటిలో ధాన్యపు పెట్టెను ఒక మూల నుండి మరియొక మూలకు జరుపునపుడును ఇదే అనుభవము. మొదటి జానెడు జరుపుటకే కష్టము. అటు పిమ్మట అది తేలికగ వచ్చును. నడుమ ఒకసారి ఆపితిరా, మరల మొదటి కష్టమే.

దీనికి కారణము రాపిడి. పాఠ్యపుస్తకములలో దీనిని ఘర్షణ అందురు. నిలిచియున్న వస్తువును కదలనీయక పట్టి ఉంచునది స్థైతిక ఘర్షణ. కదలుచున్న వస్తువునకు ఎదురు వచ్చునది గతిక ఘర్షణ. మన వాడుకకు మొదటిదానిని నిలుపు రాపిడి అనియు, రెండవదానిని జారుడు రాపిడి అనియు అనుకొందము. సామాన్యముగ నిలుపు రాపిడి ఎక్కువ, జారుడు రాపిడి తక్కువ. ఈ రెండును ఎంతెంతో కొలుచుటకు పెద్ద పరికరము లక్కరలేదు. ఒక బల్ల, ఒక కర్ర దిమ్మ, ఒక స్ప్రింగు త్రాసు చాలును. అరపూట పని. కాని ఆ రెండు అంకెలు తెలియకపోవుట వలన కాళ్ళు విరిగిన సందర్భములు కలవు. అట్టిది ఒకటి నా కంటి యెదుట, నా మాట వలననే జరిగినది. ముందుగ దానిని చెప్పెదను.

నేను ఆలస్యముగ నేర్చుకొన్న పాఠము

ఈ రాపిడిని నేను మొదట కళాశాలలో కొలిచితిని. వచ్చిన అంకెలను రికార్డు పుస్తకములో వ్రాసి, మార్కులు తెచ్చుకొని, పుస్తకము మూసితిని. ఉద్యోగములో చేరిన రెండవ ఏట, వరి నాట్ల రోజులలో, ఒక గ్రామమున గిడ్డంగికి ఎరువుల లారీ వచ్చినది. ఆకాశమున మబ్బు కమ్మియున్నది. బస్తాలు తడిసినచో ఎరువు పాడగును. ఉన్న హమాలీలు నలుగురే. ఒక్కొక్క బస్తా 50 కిలోలు. వీపున మోయుటకు బదులు లారీ నుండి ఏటవాలుగ బల్ల వేసి జార్చినచో త్వరగ దిగునని సలహా ఇచ్చినవాడను నేనే.

మూడు మీటర్ల బల్ల తెచ్చి, క్రింది కొనను గిడ్డంగి అరుగుపై ఉంచిరి. బస్తా జారలేదు. "కొన నేలకు దించి, ఇంకొంచెం నిట్రంగా వెయ్యండి" అంటిని. అట్లే చేసిరి. అప్పుడును బస్తా పై కొననే కూర్చున్నది. క్రిందనున్న హమాలీ ఒకడు బల్ల ఎదుటికి వచ్చి, ఏమాయెనా యని తల యెత్తి చూచుచుండెను. లారీపై నున్నవాడు బస్తాను కాలితో ఒక్క నెట్టు నెట్టెను. అంతవరకు బండరాయివలె కూర్చున్న బస్తా కదలినది. కదలి మరి ఆగలేదు. క్షణక్షణమునకు వేగము హెచ్చుచు వచ్చి ఆతని మోకాలి క్రింద తగిలినది. ఎముక విరిగినది.

ఆ ఏడు ఆతడు నాట్ల పనికి పోలేదు. నాలుగు డబ్బులు చేతికి వచ్చు రోజులన్నియు మంచము మీదనే గడచినవి. ఇంట ఆతని భార్య ఒక్కతె కూలికి పోయెను. నేను చూడబోయినపుడు ఆతడు నన్ను ఒక్క మాట అనలేదు. "అంతసేపూ కదల్లేదు గదండీ, ఇంక కదలదనుకున్నా" అని మాత్రము అన్నాడు.

ఆ మాట నేను మరువలేదు. మనమందరము అట్లే అనుకొందుము. ఇంత గట్టిగ నిలిచిన వస్తువు, కదిలినను మెల్లగనే వచ్చునని తలంతుము. అది నిజము కాదని నా రికార్డు పుస్తకములో నా చేతివ్రాతతోనే ఉన్నది. చదివినవాడను నేను. దెబ్బ తిన్నవాడు ఆతడు. కావున ఈ ప్రయోగమును కళాశాల గోడల నడుమ విడువక, మీ పంచలోనే చేసి చూడవలెనని నా కోరిక.

కావలసిన వస్తువులు

మీటరు పొడవు, జానెడు వెడల్పు గల చదునైన బల్ల ఒకటి. ఇటుకంత కర్ర దిమ్మ ఒకటి. దిమ్మ ఒక కొనకు కొక్కెము బిగింపవలెను. కొక్కెము అడుగుకు దగ్గరగ ఉండుట మేలు. పైన ఉన్నచో లాగునపుడు దిమ్మ తలక్రిందులగును. 5 కిలోల వరకు తూచు స్ప్రింగు త్రాసు ఒకటి. ధాన్యము తూచు 50 కిలోల త్రాసు ఈ పనికి పనికిరాదు. దాని గీతలు దూర దూరముగ నుండుటచే గ్రాములలో వచ్చు తేడా కనపడదు. కిలో తూకపు రాళ్ళు నాలుగైదు, ఒక బారెడు పురికొస, కొలత టేపు, పెన్సిలు, కాగితము. చదువుకొన్న పిల్లవాడు ఒకడు ప్రక్కన ఉన్న మరియు మంచిది. లాగువాడు ఒకడు, ముల్లు చూచువాడు ఒకడు కావలెను.

కొలుచు విధానము

1. మొదట దిమ్మను త్రాసుకు వ్రేలాడదీసి బరువు చూడవలెను. తేలికగ ఉన్నచో తూకపు రాళ్ళు వేసి మొత్తము సరిగ 2 కిలోలు చేసికొనవలెను.

2. త్రాసును అడ్డముగ పండబెట్టి ముల్లు ఎక్కడ నిలుచునో చూడవలెను. నిలువుగ వ్రేలాడదీసి వాడుటకు చేసిన త్రాసు ఇది. అడ్డముగ పెట్టినపుడు కొక్కెపు బరువు దానిపై పడదు. కావున ముల్లు సున్నకు కొంచెము తప్పి నిలుచును. ఆ తప్పును వ్రాసికొని, తరువాతి అంకెలలో సరిచేసికొనవలెను.

3. బల్లను సమమట్టముగ ఉంచి, దిమ్మను దానిపై పెట్టి, కొక్కెమునకు పురికొసతో త్రాసును తగిలింపవలెను. పురికొస బల్లకు సమాంతరముగ ఉండవలెను. పైకెత్తి లాగినచో దిమ్మ బరువు కొంత చేతిపై పడి రాపిడి తక్కువ కనపడును. క్రిందికి లాగినచో ఎక్కువ కనపడును.

4. ఇప్పుడు మెల్లగ, ఇంకను మెల్లగ లాగుడు హెచ్చింపవలెను. ముల్లు ఎక్కుచుండును. దిమ్మ కదలదు. ఒక చోట దిమ్మ చటుక్కున కదలును. కదలుటకు ముందు ముల్లు చేరిన పై అంకెయే నిలుపు రాపిడి. ఒక్క పెట్టున గుంజినచో ముల్లు ఎగిరి తప్పు అంకె చూపును.

5. దిమ్మ కదిలిన తరువాత చేయి ఆపక, ఒకే నడకతో లాగుచుండవలెను. ముల్లు కొంచెము దిగి, ఒక చోట ఊగులాడుచు నిలుచును. అది జారుడు రాపిడి. నడక ఒకే తీరుగ ఉన్నపుడే ఈ అంకె సరియైనది. వేగము హెచ్చుచున్నచో వేగము పెంచుటకు వాడిన బలము కూడ అందులో కలియును.

6. ఇట్లు ఐదు పర్యాయములు చేసి సరాసరి తీయవలెను. అంకెలు అన్నియు ఒక్కటిగ రావు. వచ్చినచో చూచువాడు కన్ను మూసికొని వ్రాసినాడని అనుమానింపవలసినదే.

7. పిదప దిమ్మపై 2 కిలోలు, మరల 2 కిలోలు వేసి ఇదే విధముగ కొలువవలెను.

ఎండిన చెక్కపై ఎండిన చెక్కను లాగినపుడు వచ్చు అంకెలు ఏ తీరున ఉండునో మచ్చునకు ఇచ్చుచున్నాను.

మొత్తము బరువు 2 కిలోలు: కదల్చుటకు 800 గ్రాములు, కదలుచుండుటకు 600 గ్రాములు.
మొత్తము బరువు 4 కిలోలు: కదల్చుటకు 1,650 గ్రాములు, కదలుచుండుటకు 1,200 గ్రాములు.
మొత్తము బరువు 6 కిలోలు: కదల్చుటకు 2,400 గ్రాములు, కదలుచుండుటకు 1,750 గ్రాములు.

ప్రతి వరుసలోను లాగుడును బరువుతో భాగించి చూడుడు. మొదటి అంకెలకు ఇంచుమించు 0.40, రెండవ అంకెలకు ఇంచుమించు 0.30 వచ్చును. బరువు మూడింతలైనను ఈ భాగహారపు ఫలము మారలేదు. దీనినే ఘర్షణ గుణకము అందురు. ఆ రెండు పదార్థములు, ఆ రెండు తలములు ఉన్నంతవరకు ఈ గుణకము వానితోనే ఉండును. మీ బల్లకు, మీ దిమ్మకు వేరు అంకెలు రావచ్చును. చెక్క జాతి, నునుపు, తేమ, దుమ్ము అన్నియు దానిని మార్చును. కాబట్టియే పుస్తకములోని అంకెను నమ్ముకొనుట కంటె మీ వస్తువును మీరు కొలుచుట మేలు.

దిమ్మను ప్రక్కకు త్రిప్పి, సన్నని వైపు ఆనునట్లు పెట్టి మరల కొలువుడు. ఆను మేర సగమునకు తగ్గినను లాగుడు మారదు. ఇది అనేకులకు ఆశ్చర్యము కలిగించును.

త్రాసు లేనివారికి

బల్ల చివర చిన్న గిలక బిగించి, దిమ్మకు కట్టిన పురికొసను దానిపై నుండి దించి, కొనకు ఖాళీ డబ్బా కట్టవలెను. డబ్బాలో ఇసుకను సన్నని ధారగ పోయుచుండవలెను. దిమ్మ కదిలిన క్షణమున ధార ఆపి, డబ్బాను ఇసుకతో సహా కిరాణా కొట్టు కాటాలో తూచినచో నిలుపు రాపిడి తెలియును. జారుడు రాపిడికి ఇసుక కొంత తీసివేసి, దిమ్మను వ్రేలితో తట్టి చూడవలెను. తట్టిన తరువాత ఆగక, వేగము పెరుగక, ఒకే నడకతో పోయినపుడు డబ్బా బరువే జారుడు రాపిడి. గిలకకు నూనె వేయుట మరువరాదు. లేనిచో దాని రాపిడి కూడ మీ లెక్కలో చేరును.

బల్లను ఎత్తి కొలుచుట

ఇది అన్నిటికంటె సులువు. బస్తా ప్రమాదమునకు సూటిగ సంబంధించినది కూడ ఇదే. దిమ్మను బల్లపై పెట్టి, బల్ల ఒక కొనను మెల్లగ పైకెత్తవలెను. దిమ్మ తనంతట తాను జారుట మొదలైన చోట ఆపి, ఎత్తైన కొన నేల నుండి ఎంత ఎత్తున ఉన్నదో, ఆ కొన క్రింది నేల గుర్తు నుండి రెండవ కొన వరకు నేలమీద ఎంత దూరమో కొలువవలెను. ఎత్తును నేల దూరముతో భాగింపగ వచ్చినదే నిలుపు రాపిడి గుణకము. నేల దూరము 90 సెంటీమీటర్లు, ఎత్తు 36 సెంటీమీటర్లు అయినచో గుణకము 0.40.

ఇప్పుడు బల్లను కొంచెము దించుడు. దిమ్మ కదలక నిలుచును. వ్రేలితో తట్టుడు. కదలి, క్రింది వరకు పోవును. ఇంకను దించి తట్టుడు. ఒక వాలులో అది ఒకే నడకతో దిగును. అక్కడి ఎత్తును నేల దూరముతో భాగించినచో జారుడు రాపిడి గుణకము. ఇంకను దించి తట్టినచో దిమ్మ కొంచెము జరిగి తానే ఆగిపోవును.

ఈ విధానములో దిమ్మ బరువుతో నిమిత్తము లేదు. రాయి వేసి చూచినను, తీసి చూచినను అదే వాలులో జారును. బరువు పెరిగినపుడు క్రిందికి లాగు బలముతోపాటు బల్లను నొక్కు బలమును పెరుగును. బరువైన బస్తా జారదు, తేలిక బస్తాయే జారునను మాట సరికాదు.

మూడు వాలులు

పై ప్రయోగమున మీకు మూడు రకముల వాలులు కనబడినవి. ఇదియే ఈ వ్యాసములో ముఖ్యముగ గుర్తుంచుకొనవలసిన విషయము.

మొదటిది, జారుడు రాపిడి గుణకము కంటె తక్కువ వాలు. ఇక్కడ వస్తువును నెట్టినంతసేపే పోవును. చేయి తీయగనే ఆగును. ఇది క్షేమమైన వాలు.

రెండవది, నిలుపు రాపిడి గుణకము కంటె ఎక్కువ వాలు. ఇక్కడ వస్తువు పెట్టగనే జారును. అపాయమే కాని, అది కంటికి కనపడు అపాయము. ఎవరును దాని ఎదుట నిలువరు.

మూడవది ఆ రెంటి నడిమి వాలు. ఇక్కడ వస్తువు కదలక కూర్చుండును. గంట సేపైనను కూర్చుండును. ఒక్కసారి కదిలినచో తిరిగి ఆగదు. ఇదే మోసపు వాలు. ఆ రోజు నేను వేయించినది ఇట్టి వాలే.

లెక్క చూడుడు. బస్తాకు బల్లకు నడుమ నిలుపు గుణకము 0.50, జారుడు గుణకము 0.35 అనుకొందము. బల్లను నేల దూరము 100కు ఎత్తు 45 చొప్పున వేసినాము. 45 అనునది 50 కంటె తక్కువ గనుక బస్తా నిలుచును. 35 కంటె ఎక్కువ గనుక కదిలినచో వేగము హెచ్చుచు పోవును. మూడు మీటర్ల బల్ల దిగుటకు దానికి పట్టు కాలము రెండున్నర సెకండ్లకు కొంచెము ఎక్కువ. చివరకు వచ్చుసరికి వేగము గంటకు 8 కిలోమీటర్లు దాటును. మనిషి పరుగెత్తు వేగముతో 50 కిలోల బరువు వచ్చి కాలికి తగిలినచో ఏమగునో చెప్పనక్కరలేదు. తప్పుకొనుటకు వ్యవధియు ఉండదు.

కారణమేమి?

ఈ విషయమును పెద్దలు చాల కాలము నుండి పరిశీలించుచున్నారు. 1699లో ఫ్రాన్సు దేశీయుడు అమాంటన్ రాపిడి బరువును బట్టి ఉండునని, ఆను మేరను బట్టి ఉండదని ప్రకటించెను. అదే దేశపు సైనిక ఇంజనీరు కూలుంబ్, ఓడలు కట్టు రేవులో పెద్ద బరువులతో ప్రయోగములు చేసి, 1781లో అక్కడి విజ్ఞాన పరిషత్తు బహుమతిని పొందెను. కర్రపై కర్ర ఎంత ఎక్కువ సేపు కదలక ఉన్నచో, దానిని కదల్చుటకు అంత ఎక్కువ బలము కావలెనని కూడ ఆయన కనుగొనెను. రాత్రంతయు నిలిచిన వస్తువు ఉదయమున మరింత మొండికెత్తుట మీకును అనుభవమే కదా!

నునుపుగ కనబడు తలము కూడ నిజమునకు మిట్టపల్లముల మయమే. రెండు తలములు ఒకదానిపై నొకటి ఆనినపుడు మిట్టల కొనలే తగులును. నిజముగ తగులు మేర కంటికి కనపడు మేరలో చాల చిన్న భాగము. బరువు హెచ్చినచో మిట్టలు నలిగి ఆ భాగము పెరుగును. నిలిచియున్నంతసేపు ఆ కొనలు ఒకదానికొకటి పట్టుకొని యుండును. కదలుచున్నపుడు అట్లు పట్టు కుదురుటకు వ్యవధి చాలదు. అందుచేతనే జారుడు రాపిడి తక్కువ. కందెన వేసినపుడు రెండు తలముల నడుమ నూనె పొర చేరి మిట్టలను ఎడము చేయును.

ఈ అంకెలతో రైతునకు పని ఏమి?

బస్తాలు దించుట: బల్లపై బస్తాను పెట్టి, ముందుగ ఒకసారి వాలు పరీక్ష చేయుడు. తట్టిన తరువాత తానే ఆగిపోవునంత వాలులోనే బల్ల వేయుడు. జారుడు గుణకము 0.30 అయినచో, ఒక మీటరు 20 సెంటీమీటర్ల ఎత్తు గల లారీకి నేల దూరము 4 మీటర్ల కంటె ఎక్కువ ఉండవలెను. మూడు మీటర్ల బల్ల చాలదని దీనినిబట్టియే తెలియును. గోనె సంచికి వచ్చిన అంకె ప్లాస్టిక్ నేత సంచికి చెల్లదు. పొడి బల్లకు వచ్చిన అంకె తడి బల్లకు చెల్లదు. చాల రోజులు వాడి నునుపు తేరిన బల్ల క్రొత్త బల్లవలె పట్టి ఉంచదు. బల్ల క్రింది కొనకు ఎదురుగ ఎవరును నిలువరాదు. ప్రక్కనే నిలువవలెను. కొనకు ముందు ఇసుక సంచులు అడ్డు పెట్టవలెను. ఆగిన బస్తాను క్రింది నుండి గుంజరాదు, పై నుండియే నెట్టవలెను.

బండి కదల్చుట: మంచి ఎద్దు రోజంతయు లాగగల బలము ఇంచుమించు దాని శరీరపు బరువులో పదియవ వంతు. బండి కదలు క్షణమున దానికి అనేక రెట్లు లాగవలసి వచ్చును. మెడపై పుండ్లు పడుటకు ఇది ఒక కారణము. బండి కదలుటలో ఇరుసు రాపిడితోపాటు చక్రము దిగిన గుంటయు ఎదురు వచ్చును. కావున కదల్చుటకు ముందు చక్రముల ఎదుటి మట్టి తీసివేయుడు. రెండెడ్లు ఒకేసారి లాగునట్లు అదలింపుడు. బెత్తముతో కొట్టి గుంజించినంత మాత్రమున రాపిడి తగ్గదు. ఇరుసునకు కందెన వేసినచో తగ్గును. పొడి ఉక్కుపై ఉక్కునకు నిలుపు గుణకము 0.74, జారుడు గుణకము 0.57 అని పుస్తకములు చెప్పును. నూనె పట్టిన లోహములకు అవి సుమారు 0.15, 0.06 మాత్రమే. ఒక గరిటెడు కందెన చేయు మేలు ఇంతటిది.

వాలుపై బండి, ట్రాలీ: చెరువు కట్ట ఎక్కు దారిలో బండిని గాని, ట్రాలీని గాని నిలుపవలసి వచ్చినపుడు, "నిలిచినది గదా" అని నమ్మరాదు. తడి చేరినను, బరువు ఒరిగినను, ఎవరైన తగిలినను పట్టు సడలవచ్చును. చక్రములకు క్రింది వైపున రాళ్ళు అడ్డు పెట్టి తీరవలెను. ట్రాక్టరు చక్రము దొర్లుచున్నంతసేపు నేలను తాకు టైరు భాగము జారదు. అది నిలుపు రాపిడితో పట్టుకొనును. బ్రేకు గట్టిగ త్రొక్కి చక్రము బిగిసిపోయినచో టైరు జారును. అప్పుడు మిగులునది జారుడు రాపిడియే. పొడి కాంక్రీటుపై రబ్బరునకు ఇవి సుమారు 1.0, 0.8. బురద కట్టపై ఇంకను చాల తక్కువ. కావున వాలు దిగునపుడు తక్కువ గేరులో దిగవలెను. బ్రేకును మెల్లమెల్లగ త్రొక్కవలెను. రోడ్డుపై పోవునపుడు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపి బిగింపవలెను.

విత్తన గొర్రు పెట్టె: పెట్టె గోడల వాలు విత్తనపు నిలుపు రాపిడి కంటె ఎక్కువగ ఉన్నపుడే విత్తనము ఎడతెగక దిగును. తక్కువైనచో కొంతసేపు నిలిచి, గొర్రు కుదుపునకు ఒక్కసారిగ దిగును. చాలులో ఒక చోట గుంపుగ మొలచుట, ఒక చోట ఖాళీ పడుట దీని ఫలము కావచ్చును. మందు పట్టించిన విత్తనము మామూలు విత్తనమువలె జారదు. కావున మందు పట్టించి, నీడన ఆరబెట్టిన తరువాతనే గొర్రును సరిచూచుకొనవలెను. పెట్టెకు వాడిన రేకు ముక్కపై పిడికెడు విత్తనము పోసి ఎత్తి చూచినచో వాలు చాలునో చాలదో తెలియును.

ధాన్యపు రాశి: రాశిగ పోసిన వడ్లు తమంతట తాము ఒక వాలులో నిలుచును. సామాన్యముగ నేల దూరము 100కు ఎత్తు 70 ప్రాంతమున ఉండును. గింజకు గింజకు నడుమ నుండు రాపిడియే దీనికి కారణము. పెద్ద రాశిని అడుగు నుండి తవ్వి తీయుచున్నచో పై భాగము కొంతసేపు గోడవలె నిలిచి ఒక్కసారిగ కూలును. తేమచే గట్టిపడిన ధాన్యమునకు ఇది మరియు ఎక్కువ. ఎత్తైన గాదెలలో ధాన్యము నడుమ కప్పువలె కట్టియున్నపుడు క్రింద గాని, పైన గాని మనిషి దిగరాదు. పిల్లలను రాశుల దరిని ఆడనీయరాదు.

జాగ్రత్తలు

ప్రయోగమును పైన చెప్పిన చిన్న దిమ్మతో మొదలు పెట్టుడు. నిండు బస్తాతో వాలు పరీక్ష చేయునపుడు బల్ల క్రింది వైపు ఖాళీగ ఉంచుడు. దిమ్మ అడుగును, బల్లను ప్రతిసారి పొడి గుడ్డతో తుడువుడు. చేతి చెమట, నూనె అంటనీయకుడు. అంకెలతోపాటు ఆనాడు బల్ల పొడిగ ఉన్నదో, తడిగ ఉన్నదో వ్రాసి పెట్టుడు. ఒకసారి నీళ్ళు చల్లి, ఒకసారి పల్చగ ఇసుక చల్లి కొలిచినచో, ఏది పట్టు పెంచునో, ఏది జార్చునో మీరే చూడగలరు.

గ్రామాధికారులకు మనవి

ఎరువులు, విత్తనములు దించు ప్రతి గిడ్డంగి వద్ద తగినంత పొడవు గల బల్ల ఒకటి ఉండునట్లు చూడుడు. దాని మీద "వాలు ఇంతకు మించరాదు" అని, కొలిచి తేల్చిన అంకెను రంగుతో వ్రాయింపుడు. బస్తాలు దిగు రోజున హమాలీలను పిలిచి, ఒక్క బస్తాతో మూడు వాలులను చూపింపుడు. పది నిమిషములు పట్టును. పాఠశాల ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును గిడ్డంగి అరుగుపై పిల్లలచే చేయించినచో పిల్లలకు పాఠము, పెద్దలకు హెచ్చరిక రెండును కలుగును.

సోదరులారా! కదలక నిలిచిన బరువును చూచి ధైర్యపడకుడు. అది నిలిచియుండుట ఒక అంకె. కదిలిన తరువాత ఆగుట వేరొక అంకె. ఆ రెంటిని కొలిచిన తరువాతనే బల్ల ఎత్తుడు. నేను కొలిచి కూడ మరచితిని. ఆ హమాలీ ఇప్పుడు నడువగలడు గాని, బరువు ఎత్తినపుడు ఆ కాలు నేటికిని నొచ్చుననును. ఈ సారి ఎరువుల లారీ మీ ఊరికి వచ్చునపుడు, మొదటి బస్తా దించుటకు ముందు బల్ల వాలు ఒక్కసారి కొలువుడు.